కోటకు ముందు దొడ్డి

కోట యనగానే మన కన్నుల యెదుట ఏమి నిలుచును? కర్నూలు బాలురకు కొండారెడ్డి బురుజు నిలుచును. కడప బాలురకు గండికోట, సిద్ధవటము నిలుచును. ఆదవాని వారికి కొండమీద మెలికలు తిరిగిన రాతిగోడలు తలపునకు వచ్చును. ఎత్తయిన బురుజులు, ఇనుప మేకులు దిగగొట్టిన తలుపులు, చుట్టును అగడ్త, లోపల రాజు, సేనాపతి, ఫిరంగులు - ఇవి యన్నియు కలిసినదే కోట యని మనము తలంచుచున్నాము.

అయితే ఒక ప్రశ్న వేసికొందము. ఈ దేశమున రాజు పుట్టకమునుపు, ఇనుము కరగించుట తెలియకమునుపు, ఇటుక కాల్చుట నేర్వకమునుపు, మనుష్యుడు మొట్టమొదట అడ్డుకంచె ఎందులకు కట్టెను? దేనిని కాపాడుటకు కట్టెను? ఈ ప్రశ్నకు ఏ శాసనమునందును సమాధానము లేదు. అక్షరములే లేని కాలమది. సమాధానము బూడిదలో దొరకినది. అది ఎట్లు దొరకినదో చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట, నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో, ఎనిమిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని కర్నూలు జిల్లా పడమటి పొలిమేర దాటి బళ్లారి వైపు విహారయాత్రకు వెళ్లితిని. త్రోవలో ఒక పల్లె చేరువను, రెండు గుండ్రాళ్ల గుట్టల నడుమ, మిద్దెయంత ఎత్తున ఒక దిబ్బ కనబడెను. దూరమునుండి చూచిన మట్టిదిబ్బ వలె నుండెను. దగ్గఱకు పోయి చూడగా అంతయు బూడిద. ఒక పొర తెలుపు, ఒక పొర బూడిదవన్నె, ఒక పొర నలుపు. కొన్ని చోట్ల బూడిద కరగి, గట్టిపడి, కమ్మరి కొలిమి చిట్టెము వలె మెఱయుచుండెను. పిల్లలు చేతుల కెత్తుకొని, "సారూ, ఇచ్చట అగ్నిపర్వతము పేలినదా?" అని అడుగసాగిరి.

దాపున ఒక ముసలి గొఱ్ఱెల కాపరి కంబళి కప్పుకొని మందను మేపుకొనుచుండెను. నేనాతనిని పలుకరించితిని.

"ఏమి పెద్దాయనా, ఇది ఏమి దిబ్బ?"

"బూడిదదిబ్బ, అయ్యవారూ. రాక్షసులను ఈడ కాల్చినారంట. మా తాత చెప్పేవాడు."

"మీరేమనుకొనుచున్నారు?"

ఆయన నవ్వెను. "రాక్షసులను నేను చూడలేదు గదా, సామీ. మందను చూసినాను. ఏడాది పొడుగునా దొడ్డిలో జీవాలు పండుకొంటే పెంట మోకాలి లోతు పెరుగుతుంది. ఎండినాక దానికి నిప్పంటుకొంటే నెల దినాలు రగులుతుంది. ఆ బూడిద అచ్చం ఇట్లే ఉంటుంది."

మేము మాటలాడుచుండగనే దిబ్బకు ఆవలివైపున ఒక ట్రాక్టరు వచ్చి నిలిచెను. ఇద్దఱు మనుష్యులు పారలతో బూడిదను త్రవ్వి దానికెత్తసాగిరి. చేనికి మంచి బలమట! అప్పటికే దిబ్బలో నాలుగవ వంతు పోయియుండెను. ఆ మాటను తరువాత మఱల చెప్పెదను. ముందు దిబ్బ కథ వినుడు.

ఇట్టి బూడిదదిబ్బలు దక్షిణదేశమున వందకు పైగా కలవు. కృష్ణా తుంగభద్రల నడిమి సీమయు, బళ్లారి ప్రాంతమును వీనికి ముఖ్యమైన నెలవులు. బళ్లారి జిల్లా 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరినది. అంతకుమునుపు అదియు మన దత్తమండలములలోని భాగమే. ఆ జిల్లాలోని కుడతిని, కుప్పగల్లు అను గ్రామముల దిబ్బలు పేరుపొందినవి. మన అనంతపురము జిల్లా పాలవాయిలోను బూడిదదిబ్బ కలదు.

ఈ దిబ్బలను చూచి మన పూర్వులు ఊరకుండలేదు. ప్రతి దిబ్బకును ఒక కథ కట్టిరి. హంపీ చేరువనున్న నింబాపురము దిబ్బ వాలిని దహనము చేసిన చోటనిరి. మఱికొన్ని చోట్ల రాక్షసుల చితిభస్మమనిరి. ఈ కథలను విని నవ్వరాదు. ఇంత బూడిద ఊరక పుట్టదనియు, ఇచ్చట గొప్ప మంట ఏదో మండియుండవలెననియు వారు సరిగనే గ్రహించిరి. కాలినది ఏమో మాత్రమే వారికి తెలియలేదు.

పండితులకును వెంటనే తెలియలేదు. కెప్టెన్ న్యూబోల్డు అను ఆంగ్ల సైనికాధికారి ఈ దిబ్బలను పరిశీలించి 1843లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ తరువాత నూఱేండ్లకు పైగా చర్చ సాగెను. అగ్నిపర్వతము నుండి వచ్చిన బూడిద యని కొందఱనిరి. ఇనుము కరగించిన చిట్టెమని కొందఱనిరి. యుద్ధములలో మరణించినవారిని కుప్పగా దహించిన చోటని మఱికొందఱు ఊహించిరి.

వీరి నడుమ సత్యమునకు చేరువగా వచ్చినవాడు రాబర్టు బ్రూస్ ఫూట్. ఈయన భూగర్భశాస్త్ర శాఖలో ఉద్యోగి. 1863లో చెన్నపట్టణము చేరువ పల్లావరమున ఆదిమానవుని రాతి పనిముట్టును గుర్తించి, భారతదేశమున చరిత్ర పూర్వయుగ పరిశోధనమునకు దారి తెఱచిన మహనీయుడు. ఆనాటి కర్నూలు జిల్లా బేతంచెర్ల చేరువనున్న బిళ్ళసర్గం గుహలను శోధించినవాడును ఈయనయే. బూడిదదిబ్బల చుట్టుప్రక్కల నూరిన రాతి గొడ్డండ్లు, చేతితో చేసిన కుండల పెంకులు దొరకుచుండుట ఈయన గమనించెను. కావున ఇవి రాజుల కాలము నాటివి కావనియు, నవీన శిలాయుగము నాటి పశుపాలకుల దొడ్లలో పేరుకొన్న పేడ కాలిన గుర్తులనియు అభిప్రాయపడెను. అయితే అది అభిప్రాయము. దానిని నిరూపింపవలెనన్న త్రవ్వవలెను. అదియు పారతో ఎత్తిపోసినట్లు కాదు, శాస్త్రపద్ధతిని త్రవ్వవలెను.

ఇచ్చట మనము కొంతసేపు ఇంగ్లండు దేశమునకు పోయి రావలసియున్నది. ఎందుకనగా, మట్టికోటను చదువు విద్య అచ్చట పెరిగి, అచ్చటినుండి మన దేశమునకు వచ్చినది.

ఇంగ్లండు దక్షిణ భాగమున డార్సెట్ అను మండలమున మెయిడెన్ కాసిల్ అను కొండకోట కలదు. దానికి రాతి బురుజులు లేవు. కొండ నెత్తిమీద చుట్టును లోతైన కందకములు త్రవ్వి, ఆ త్రవ్విన మట్టినే గట్లుగా పోసిరి. ఒక గట్టు, ఒక కందకము, మఱల ఒక గట్టు, మఱల ఒక కందకము. పైకి వచ్చు శత్రువు ప్రతి కందకమున దిగి, ప్రతి గట్టు ఎక్కవలెను. అంతలో పైనున్నవారు ఒడిసెల రాళ్లు రువ్వుదురు. ఇట్టి ఒడిసెల రాళ్లు 20,000కు పైగా అచ్చట ఒక్క కుప్పలోనే దొరకినవి. ఈ కోట సుమారు 2,600 ఏండ్ల క్రిందట ఆరంభమై, పెరిగి పెరిగి 47 ఎకరములను చుట్టుముట్టినది. ఆ కొండమీదనే అంతకు దాదాపు మూడువేల ఏండ్లకు ముందుకూడ మనుష్యులు కందకము త్రవ్వియుండిరి.

మోర్టిమర్ వీలర్ అను పండితుడు 1934 మొదలు 1937 వఱకు ఈ కోటను త్రవ్వి చూచెను. ఆయన పద్ధతి ఇది: నేలను చదరములుగా విభజింపవలెను. ఒక్కొక్క పొరను విడివిడిగా తీయవలెను. ఏ వస్తువు ఏ పొరలో దొరకినదో వ్రాసికొనవలెను. క్రింది పొర పాతది, పై పొర క్రొత్తది. నేలలో కఱ్ఱ పాతిన గుంట యుండిన, కఱ్ఱ కుళ్లిపోయినను గుంటలోని మట్టి రంగు మాఱియుండును. ఆ రంగును చూచి, కంటికి కనబడని కఱ్ఱను కనుగొనవచ్చును. మీ యింటి వాకిట పందిరి గుంజ తీసివేసిన తరువాత ఆ గుంటను పూడ్చి చూడుడు. ఏడాది గడచినను అచ్చటి మట్టి వేఱుగానే కనబడును.

వీలర్ పండితుడు 1944లో భారత పురావస్తు శాఖకు అధిపతియై వచ్చెను. మన దేశపు యువకులకు ఈ పద్ధతిని నేర్పెను. 1947లో చిత్రదుర్గము జిల్లాలోని బ్రహ్మగిరిలో త్రవ్వించి, దక్షిణదేశపు రాతి గొడ్డండ్ల జనుల కాలక్రమమును పొరలను బట్టి తెలిపెను. దారి ఏర్పడెను. ఇక బూడిదదిబ్బ వంతు వచ్చినది.

1957లో రేమండ్ ఆల్చిన్ అను పురావస్తు పండితుడు ఆనాటి మహబూబ్‌నగరము జిల్లాలోని ఉట్నూరు గ్రామమున ఒక బూడిదదిబ్బను ఈ పద్ధతితో త్రవ్వెను. పొరలు ఒక్కొక్కటిగా తీయగా, నేలలో వరుసగా గుంటల గుర్తులు బయల్పడెను. అవి లావైన మ్రానులను నిలువునా పాతిన గుంటలు. గుంట ప్రక్క గుంట, ఎడము లేకుండ వరుస సాగినది. అది పలుచని ముళ్లకంచె కాదు, మ్రానులతో కట్టిన గట్టి దడి.

ఆ దడి లోపల ఏముండెను? రాజసౌధమా? ధనాగారమా? కాదు. లోపల బూడిద పొరల నడుమ గిట్టల గుర్తులు కనబడెను! మెత్తని నేలను ఆవులు, ఎద్దులు త్రొక్కిన అడుగుజాడలు చెదరక నిలిచియుండెను. వేల ఏండ్ల క్రిందట ఒక సాయంకాలము మంద దొడ్డిలోనికి వచ్చినది. దాని జాడ అట్లే మిగిలినది. రాజుల సింహాసనములు మట్టిలో కలిసిపోయినవి గాని, ఆవు గిట్ట గుర్తు నిలిచినది. ఇంతకంటె ఆశ్చర్యమేమి కావలెను?

దడి ఒక్కసారి కట్టినది కాదు. కట్టిరి, కాలినది. మఱల కట్టిరి, మఱల కాలినది. ఇట్లు పలుమాఱులు జరిగినట్లు పొరలు చెప్పినవి. పొరలలోని బొగ్గును పరీక్షించి కాలము నిర్ణయించిరి. ప్రాణమున్న ప్రతిదానియందును ఒకవిధమైన కార్బను కొలదిగా ఉండును. ప్రాణము పోయిన తరువాత అది లెక్క ప్రకారము తగ్గుచు వచ్చును. మిగిలినదానిని కొలిచి, ఎన్ని యేండ్లు గడచినవో తెలిసికొనవచ్చును. ఈ విద్యను 1949లో అమెరికా దేశపు లిబ్బీ పండితుడు లోకమునకు తెలిపెను. దానిచే చూడగా, ఉట్నూరు దొడ్డి నేటికి సుమారు నాలుగున్నర వేల ఏండ్ల నాటిదని తేలినది. సింధునదీ ప్రాంతమున హరప్పా, మొహెంజొదారో నగరములు వెలుగుచున్న కాలమది. అచ్చట ఇటుక నగరములు. ఇచ్చట మ్రానుల దొడ్లు.

మఱియొక సందేహము మిగిలెను. పేడ బూడిద చిట్టెము వలె ఎట్లు గట్టిపడును? జ్యూనర్ అను శాస్త్రవేత్త 1960 ప్రాంతమున ఆ బూడిదను పరీక్షించి దీనికి సమాధానము చెప్పెను. గడ్డిలో కంటికానని సిలికా కణములుండును. ఇసుకలో నుండునదియు ఆ సిలికాయే. పశువు గడ్డి మేసినను ఆ కణములు అరుగక పేడలో నిలిచియుండును. పేడకుప్ప తీవ్రముగా మండినప్పుడు అవి కరగి గాజు వలె గట్టిపడును. అగ్నిపర్వతము లేదు, ఇనుప కొలిమి లేదు. గడ్డి, ఆవు, నిప్పు - ఈ మూడే ఆ గాజును చేసినవి.

గొఱ్ఱెల కాపరి ఒక్క మాటలో చెప్పినదానిని తేల్చుటకు పండితులకు నూఱేండ్లకు పైగా పట్టినదేమి యని మీరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. కాపరి తన బ్రదుకునుండి చక్కగా ఊహించెను. ఊహ ఎంత చక్కనిదైనను, పదిమంది పది ఊహలు చేసినప్పుడు ఏది నిజమో తేల్చునది నిరూపణము. అయితే పండితుడు కాపరిని ముందే అడిగియుండిన, త్రోవ కొంత దగ్గఱయై యుండెడిది. పుస్తకము చదివినవాడు పొలములోని వానిని చిన్నచూపు చూడరాదని ఈ కథ నేర్పుచున్నది.

ఇప్పుడు మన తొలి ప్రశ్నకు వత్తము. వారు అంత గట్టి దడి ఎందులకు కట్టిరి? ఆనాటి మనుష్యునకు పశువే ధనము, పాడి, ఆహారము. పెద్దపులి, చిఱుతపులి, తోడేలు రాత్రివేళ మందమీద పడును. పొరుగు గుంపువాడును పడవచ్చును. పశువులను తోలుకొనిపోవుట మన దేశమున చాల పాతకాలపు కయ్యము. భారతమున విరాటపర్వము చదివినవారికి దక్షిణ గోగ్రహణము, ఉత్తర గోగ్రహణము తెలియును. కౌరవులు విరాటరాజు కోటను ముట్టడింపలేదు, ఆలమందలను పట్టిరి. మన రాయలసీమలోని ఊరిబయళ్లలో వీరగల్లులు కలవు. వానిలో కొన్ని, శత్రువులు తోలుకొనిపోవుచున్న పశువులను విడిపించుచు ప్రాణములు విడిచిన వీరులకు నిలిపినవి. ఉట్నూరు దొడ్డికిని ఈ వీరగల్లులకును నడుమ మూడువేల యేండ్లకు పైగా ఎడమున్నది. అయినను పశువునకై ప్రాణమొడ్డు ధర్మము ఈ నేలలో ఎంత లోతుగా పాతుకొన్నదో దీనివలన తెలియుచున్నది.

పేడను చేనికి వేయక కాల్చుట ఏమి? ఇది తీరని ప్రశ్న. మంట శత్రువులు పెట్టినదా, ప్రమాదమున పుట్టినదా, తామే పెట్టుకొన్నదా? పలుమాఱులు వరుసగా కాలుటను బట్టి, తామే ఏటేట ఒక సమయమున నిప్పు పెట్టియుందురని ఆల్చిన్ తలంచెను. ఒక ఋతువు ముగిసి, మంద తరలిపోవు వేళ ఉత్సవముగా దొడ్డిని దహించియుండవచ్చును. ఈ తలంపునకు ఆధారము మన పండుగలలో కలదు. భోగినాడు మనము మంటలు వేయుదుము. కనుమనాడు పశువులను పూజింతుము. మైసూరు ప్రాంతమున సంక్రాంతినాడు పశువులను మంటమీదుగా దాటించు ఆచారము నేటికిని కలదు. ఈ పండుగలు ఆ కాలమునుండియే వచ్చినవని ఎవరును రుజువు చేయలేరు. అయినను పశువు, నిప్పు, పండుగ - ఈ మూటి చెలిమి మనకు క్రొత్తది కాదు.

ఉట్నూరు తరువాత మఱికొన్ని దిబ్బలను శోధించిరి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పరిశోధకులు పాలవాయిని పరిశీలించిరి. కర్ణాటకలోని బూదిహాళ్ అను చోట పద్దయ్య పండితుడు 1989 మొదలు కొన్నియేండ్లు త్రవ్వించి, దొడ్డి ప్రక్కనే ఇండ్లు, రాతి పనిముట్లు చెక్కిన తావు, మాంసము కోసిన తావు, శిశువుల సమాధులు బయల్పఱచెను. బూడిదదిబ్బ ఉత్త పెంటదిబ్బ కాదు, అది ఒక ఊరు.

మఱి కర్నూలు, కడప సీమలలో అప్పుడెవరుండిరి? కుందూ నది లోయలోను, పెన్న లోయలోను ఆ కాలపు జనులే నివసించిరి. కడప జిల్లా పెద్దముడియము, హనుమంతరావుపేట, పూర్వపు కర్నూలు జిల్లా సింగనపల్లి, రూపనగుడి మొదలగు చోట్ల వారి నెలవులు కలవు. ఆ నెలవులలోని మట్టిని నీటిలో కలిపి చూచిరి. మట్టి అడుగునకు దిగినది. బొగ్గైపోయిన గింజలు పైకి తేలినవి. ఆ గింజలను పోల్చి చూచి 2004లో ఫలితములు ప్రకటించిరి. దక్షిణదేశపు ఆ తొలి సేద్యగాండ్ర ముఖ్యపంటలు ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱ వంటి చిఱుధాన్యములు. మన అవ్వలు కాచు ఉలవచారు వెనుక ఇన్నివేల యేండ్ల చరిత్ర యున్నది! వాన తక్కువైన నేలలో ఏ పంట పండునో, రాతి గొడ్డలి పట్టినవాడే మొదట కనిపెట్టి మనకిచ్చి పోయెను.

కొండలనుగూడ వారు విడువలేదు. బళ్లారి ప్రాంతపు గుండ్రాళ్ల గుట్టలపైన రాళ్లు పేర్చి, నేలను చదును చేసికొని గుడిసెలు వేసికొనిరి. పెద్ద గుండ్లే గోడలు. ఎత్తైన చోటు గనుక మందయు, చేనును, వచ్చిపోవువారును కంటికానుచుందురు. దిగువను మ్రానుల దొడ్డి, ఎగువను రాళ్ల మెట్టు. ఫిరంగులు లేవు, జెండాలు లేవు గాని, కోటకు కావలసిన రెండు గుణములును అందున్నవి: కాపాడదగినది లోపల నుండుట, దానిని కాచు కన్ను పైన నుండుట.

కాలము గడచినది. ఇనుము వచ్చినది, రాజ్యములు వచ్చినవి, వర్తకము పెరిగినది. ఇక కాపాడవలసినది మంద మాత్రమే కాదు, ఊరు. ఆనాటి కర్నూలు జిల్లా నందికొట్కూరు తాలూకాలో తుంగభద్ర ఒడ్డున శాతానికోట యను చోటు కలదు. శ్రీశైలము జలాశయము కారణముగా పురావస్తు శాఖవారు 1977 మొదలు 1980 వఱకు అచ్చట త్రవ్విరి. శాతవాహనుల కాలమున ఆ ఊరి చుట్టు కోటగోడయు, అగడ్తయు నుండినవని తెలిసినది. మఱి ఎన్నో వందల యేండ్లు గడచునప్పటికి, పెన్న నది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱు లోయ అంచున గండికోట గోడలు లేచినవి. ఒకవైపు లోయయే అగడ్త. మిగిలిన వైపుల ఎఱ్ఱని రాతి గోడలు. లోపల గుడి, మసీదు, ధాన్యాగారము. ఉట్నూరు దొడ్డిలో ఆవులుండిన చోటున గండికోటలో ధాన్యరాసి యుండెను. రూపము మాఱినది, ధర్మము మాఱలేదు. తనకు ప్రాణప్రదమైనదానిని నడుమ నుంచి, చుట్టును అడ్డు నిలుపుటయే కోట.

ఇక ఆ ట్రాక్టరు మాట. ఆనాడు నేను ఆ మనుష్యులతో మాటలాడితిని. వారు చెడ్డవారు కారు. "బూడిదే గదా, అయ్యవారూ! ఊరికే పడి ఉంది. చేనికైనా పనికొస్తుంది" అనిరి. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. ఎందుకనగా, అది ఏమో వారికి ఎవరును చెప్పలేదు. చెప్పవలసిన వారము మేము, ఉపాధ్యాయులము. మేము గండికోటను చూపితిమి, బురుజును చూపితిమి. పాదుషాల పేర్లు వల్లె వేయించితిమి. బూడిదదిబ్బ ప్రక్కగా నూఱుమాఱులు బస్సులో పోయితిమి, దిగి చూడలేదు.

పారపట్టి ఎత్తిన బూడిదలో పొరలుండవు. క్రిందిది మీదికి, మీదిది క్రిందికి కలిసిపోవును. గుంజ పాతిన గుర్తు చెదరిపోవును. గిట్ట జాడ తుడిచిపెట్టుకొనిపోవును. పుస్తకములో పుట చినిగిన, అదే పుస్తకము మఱియొక ప్రతి దొరకవచ్చును. బూడిదదిబ్బకు రెండవ ప్రతి లేదు. కొన్నియేండ్లకు నేను మఱల ఆ త్రోవను పోయితిని. దిబ్బలో సగము మిగిలియుండెను. ముసలి కాపరి కానరాలేదు. ఆ పల్లె బాలుడొకడు మాత్రము దిబ్బ ప్రక్క కూర్చుండి కుండ పెంకులతో ఆడుకొనుచుండెను. వానిని దగ్గఱకు పిలిచి, ఆ పెంకు వెనుకనున్న వ్రేలి గుర్తును చూపి, "నాయనా, ఇది నాలుగువేల యేండ్ల నాటి మనిషి వ్రేలు" అని చెప్పితిని. వాడు చాలసేపు ఆ గుర్తుపై తన వ్రేలిని ఆనించి చూచుకొనెను. పిదప పెంకును దొరకిన చోటనే పెట్టి, "ఇంక దీన్ని ఎవరినీ తీయనీయను, సార్" అనెను.

విద్యార్థులారా! మీ ఊరి చుట్టును ఒకసారి చూచి రండు. ఏ గుట్టమీదనో రాళ్ల వరుస కనబడవచ్చును. ఏ దిబ్బలోనో నల్లని రాతి గొడ్డలి తొంగిచూడవచ్చును. దానిని తీసి ఇంటికి తెచ్చుకొనకుడు, త్రవ్వకుడు. ఉన్నచోటనే ఉంచి, ఆ చోటు గుర్తు వ్రాసికొని, మీ ఉపాధ్యాయులకు తెలుపుడు. వారు పురావస్తు శాఖవారికి తెలుపుదురు. వేల ఏండ్ల క్రిందట ఈ నేలమీది మనుష్యులు తమ మందను కాపాడుటకు రాత్రులు మేలుకొని దడి కాచిరి. వారు మిగిల్చిన జాడను కాచుటకు మనము పగలు మేలుకొనియున్న చాలును.

ప్రశ్నలు

1. బూడిదదిబ్బలను గూర్చి ప్రజలును, పండితులును చేసిన ఊహలేవి? వానిలో సత్యమునకు చేరువైనది ఏది?
2. కుళ్లిపోయిన గుంజను పురావస్తు పండితులు ఎట్లు కనుగొందురు?
3. పేడ బూడిద గాజు వలె గట్టిపడుటకు కారణమేమి?
4. "రూపము మాఱినది, ధర్మము మాఱలేదు" - ఈ మాటను పాఠములోని ఉదాహరణములతో వివరింపుడు.
5. మీ ఊరిలోని పెద్దలనడిగి, దొడ్డి కట్టు విధమును, మంద కాయు విధమును పది వాక్యములలో వ్రాయుడు.